స్థిరమన్న మాట వెనుక: అమెరికాలో కంటి మెలనోమా సంభవరేటుపై మూడు పత్రాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

యూవియల్ మెలనోమా కంటిలో పుట్టే అరుదైన క్యాన్సర్. అమెరికాలో దీని సంభవరేటుపై 2003, 2011, 2018 సంవత్సరాలలో ఒకే పరిశోధక పరంపర నుండి మూడు పత్రాలు వెలువడ్డాయి. మొదటి రెండూ రేటు స్థిరంగా ఉందని చెప్పగా, మూడవది శ్వేతజాతీయులలో స్వల్పమైన పెరుగుదలను చూపింది. ఈ మూడింటి అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే, మారినది రోగమా, కొలబద్దా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ప్రామాణిక జనాభా, జాతి వర్గీకరణ, చికిత్సలో వచ్చిన మార్పు అనే మూడు అంశాల ద్వారా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యూవియల్ మెలనోమా, సంభవరేటు, క్యాన్సర్ రిజిస్ట్రీ, ప్రామాణిక జనాభా, సీర్, నిర్ధారణ ఆధారం.

1. ఉపోద్ఘాతం

మెలనోమా అనగానే చర్మక్యాన్సర్ స్ఫురిస్తుంది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు కంటిలోనూ ఉంటాయి. కనుగుడ్డు బయటిపొర అయిన దృఢస్తరానికీ, లోపలిపొర అయిన నేత్రపటలానికీ నడుమ ఉన్న మధ్యపొరను యూవియా అంటారు. ఐరిస్, సీలియరీ భాగం, రక్తపటలం ఈ పొరలోనివే. ఇక్కడి మెలనోసైట్లలో పుట్టే క్యాన్సరే యూవియల్ మెలనోమా. పెద్దవారిలో కనుగుడ్డు లోపల పుట్టే క్యాన్సర్లలో ఇదే ప్రధానమైనది. కంటికి చికిత్స సఫలమైనా, కాలక్రమంలో దాదాపు సగంమంది రోగులలో ఇది శరీరంలోని ఇతర భాగాలకు, ముఖ్యంగా కాలేయానికి పాకుతుంది. అందువల్ల దీనిని అరుదైన రోగమని పక్కన పెట్టడం కుదరదు.

అరుదైన రోగాన్ని లెక్కించడంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వేలసంఖ్యలో కేసులుండే రోగానికి నమోదులో పదో ఇరవయ్యో తప్పిపోయినా రేఖ కదలదు. ఏడాదికి నూరు కేసులు మాత్రమే వచ్చే రోగానికి ఆ పదీ ఇరవయ్యే ధోరణిని నిర్ణయిస్తాయి. కాబట్టి ఇటువంటి రోగం పెరుగుతోందనీ, తగ్గుతోందనీ, స్థిరంగా ఉందనీ చెప్పే వాక్యాలను అవి చెప్పే రోగానికి ఎంత వర్తిస్తాయో, వాటిని పుట్టించిన నమోదు పద్ధతికి ఎంత వర్తిస్తాయో విడదీసి చదవవలసి ఉంటుంది. ఆచరణలో మాత్రం ఇటువంటి వాక్యాలు పరిశోధన గ్రంథాల తొలి అధ్యాయాలలో ఒక పత్రం నుండి మరొక పత్రానికి ఉదాహరణలుగా ప్రవహిస్తూ పోతాయి. మూలపత్రంలో ఆ అంకె ఏ షరతులతో వచ్చిందో ఆ ప్రవాహంలో కొట్టుకుపోతుంది.

2. మూడు పత్రాలు

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నిర్వహించే ‘సర్వైలెన్స్, ఎపిడెమియాలజీ అండ్ ఎండ్ రిజల్ట్స్’ కార్యక్రమాన్ని క్లుప్తంగా సీర్ అంటారు. ఇది 1973లో కేసుల నమోదు ప్రారంభించింది. కనెక్టికట్, అయోవా, న్యూ మెక్సికో, యూటా, హవాయి రాష్ట్రాలూ, డెట్రాయిట్, శాన్ ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ ప్రాంతాలూ మొదటి నుండి ఉన్నాయి. సియాటిల్ ప్రాంతం 1974లో, అట్లాంటా 1975లో చేరాయి. ఈ తొమ్మిది ప్రాంతాలలో ఉండేది అమెరికా జనాభాలో సుమారు పదోవంతు మాత్రమే. దీర్ఘకాలపు ధోరణులను చెప్పే అధ్యయనాలకు ఆధారం మాత్రం ప్రధానంగా ఈ పదోవంతే.

ఎ.డి. సింగ్, ఎ. టోఫమ్ 2003లో ‘ఆఫ్తాల్మాలజీ’ పత్రికలో ప్రచురించిన పత్రం 1973–1997 మధ్యకాలాన్ని పరిశీలించింది. 25 సంవత్సరాలలో 2,493 కేసులు నమోదు కాగా, వయస్సు సవరించిన సగటు సంభవరేటు పదిలక్షల జనాభాకు ఏడాదికి 4.3గా తేలింది. రేటు ఈ కాలమంతా స్థిరంగా ఉందని నిర్ణయించారు. అదే పత్రికలో 2011లో సింగ్, టురెల్, టోఫమ్‌లు ఆ పరిశీలనను 2008 వరకు పొడిగించారు. 36 సంవత్సరాలు, 4,070 కేసులు, సగటు రేటు 5.1. ఇక్కడా నిర్ణయం స్థిరమనే. 2018లో ఏరొనోవ్, టోఫమ్, సింగ్‌ల పత్రం 2013 వరకు వచ్చింది. 4,999 కేసులు, సగటు రేటు 5.2. ఈసారి శ్వేతజాతీయులలో ఏడాదికి 0.5 శాతం చొప్పున పెరుగుదల ఉందనీ, అది సాంఖ్యకపరంగా గణనీయమనీ పేర్కొన్నారు. ఆ 0.5 శాతానికి ఇచ్చిన విశ్వాస అంతరం 0.2 నుండి 0.9.

ఈ పరంపర విలువను తక్కువ చేయనవసరం లేదు. ఒకే రోగాన్ని, ఒకే ఆధారంతో, నాలుగు దశాబ్దాలకు పైబడిన కాలానికి ఓపికగా వెంబడించిన అధ్యయనాలు అరుదు. అటువంటి ఓపిక ఉన్నందుననే ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ప్రశ్నించే అవకాశం కలిగింది. కాని మొదటి పత్రంలోని 4.3కూ, రెండవ పత్రంలోని 5.1కీ మధ్య దాదాపు 19 శాతం తేడా ఉంది. రెండు పత్రాలూ స్థిరమనే అంటున్నాయి. ఈ రెండు వాక్యాలూ ఏకకాలంలో ఎలా నిజమవుతాయన్నది రెండవ పత్రాన్ని ఉదాహరించే ప్రతి పాఠకునికీ రావలసిన ప్రశ్న.

3. కొలబద్ద మారితే

సాధారణ అంకగణితంతో ఈ తేడాను పరీక్షించవచ్చు. మొదటి 25 సంవత్సరాల సగటు 4.3 అయి, మొత్తం 36 సంవత్సరాల సగటు 5.1 కావాలంటే, చివరి 11 సంవత్సరాల (1998–2008) సగటు ఎంత ఉండాలి? 36ను 5.1తో గుణించి, అందులోంచి 25, 4.3ల లబ్ధాన్ని తీసివేసి, 11తో భాగిస్తే 6.9 వస్తుంది. పత్రాలలోని అంకెలను గుండ్రం చేసినందువల్ల కలిగే లోపాన్ని లెక్కలోకి తీసుకున్నా ఈ విలువ 6.6కూ 7.2కూ మధ్యనే ఉంటుంది. అంటే 4.3 నుండి ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగిందనాలి. అంతటి దూకుడు నిజంగా ఉంటే రెండవ పత్రం రేటును స్థిరమని నిర్ణయించడం అసాధ్యం. కాబట్టి ఈ రెండు సగటులూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావనడమే సమంజసం.

ఆ కొలబద్ద ఏమిటో ఊహించడం కష్టం కాదు. రెండు కాలాల జనాభాలో వృద్ధుల నిష్పత్తి వేరుగా ఉంటుంది కాబట్టి నేరుగా కేసులను జనాభాతో భాగిస్తే సరిపోదు. ఒక ‘ప్రామాణిక జనాభా’ను నిలిపి, ఆ వయస్సుల నిష్పత్తికి అనుగుణంగా రేటును సవరిస్తారు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య గణాంకాలలో చాలాకాలం పూర్వపు దశాబ్దాల జనాభాలే ప్రమాణంగా ఉన్నాయి. సీర్ ప్రచురణలలో 1970 జనాభా ప్రమాణంగా ఉండేది. 1999 సంవత్సరపు గణాంకాల నుండి అన్ని ప్రభుత్వ సంస్థలూ 2000 సంవత్సరపు ప్రామాణిక జనాభాకు మారాయి. 2000 నాటి ప్రమాణంలో వృద్ధుల వాటా ఎక్కువ. యూవియల్ మెలనోమా ప్రధానంగా వయసు మళ్లినవారిలో కనిపించే రోగం. కాబట్టి ఒక్క కొత్త కేసు కూడా చేరకుండానే, కేవలం ప్రమాణం మారినందువల్లనే రేటు పైకి జరుగుతుంది. 4.3కూ 5.1కీ మధ్య తేడాను మొదట ఇక్కడ వెతకాలి. రోగంలో వెతకడం ఆ తరువాతి పని.

ఈ తేడాను చూడకుండా ‘1997 నాటికి 4.3 ఉన్న రేటు 2008 నాటికి 5.1కి చేరింది’ అని రాసేవారు ఒక లేని ఉప్పెనను సృష్టించినవారవుతారు. రెండు పత్రాల పట్టికలనూ ముందు పెట్టుకొని ప్రామాణిక జనాభా ఏదన్న చిన్న వాక్యాన్ని వెతికేవారికి ఈ ప్రమాదం లేదు. కాని సారాంశం మాత్రమే చదివి ఉదాహరించే అలవాటు ఎంత ప్రబలంగా ఉందో సిద్ధాంత గ్రంథాలను పరీక్షించే అధ్యాపకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇదే గణితాన్ని రెండవ, మూడవ పత్రాలకు వర్తింపజేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. 36 సంవత్సరాల సగటు 5.1, 41 సంవత్సరాల సగటు 5.2 అయితే, చివరి అయిదేళ్ల (2009–2013) సగటు సుమారు 5.9 కావాలి. గుండ్రం చేయడంలోని లోపాన్ని కలుపుకుంటే అది 5.1 నుండి 6.7 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అంటే ఏ మార్పూ లేదనడానికీ, గట్టి పెరుగుదల ఉందనడానికీ ఒకే అంకెలలో చోటుంది. కేసుల సంఖ్యను తీసివేసి చూస్తే మరింత ఆసక్తికరంగా ఉంటుంది. మొదటి 25 సంవత్సరాలలో ఏడాదికి సగటున 100, తరువాతి 11 సంవత్సరాలలో 143, చివరి అయిదేళ్లలో 186. జనాభా పెరుగుదల, వార్ధక్యం ఇందులో కొంత భాగాన్ని వివరిస్తాయి. కాని ఈ తీసివేత చెల్లాలంటే మూడు పత్రాలూ కేసును ఒకే విధంగా నిర్వచించి ఉండాలి. అంతర్జాతీయ క్యాన్సర్ వర్గీకరణలో నేత్రపటలానికి సి69.2, రక్తపటలానికి సి69.3, సీలియరీ భాగానికీ ఐరిస్‌కూ సి69.4 సంకేతాలు. కంటి వెనుకభాగంలోని కణితిని నమోదు గుమాస్తా ‘నేత్రపటలం’ అని రాస్తే, వాస్తవంలో అది రక్తపటలపు మెలనోమాయే అయినా వేరే గదిలో పడుతుంది. పరిశోధకుడు ఆ గదిని తెరుస్తాడా లేదా అన్నదాన్ని బట్టి సంఖ్య మారుతుంది. 4,070 నుండి 4,999 వరకు వచ్చిన పెరుగుదలను రోగానికి ఆపాదించే ముందు ఈ తలుపులన్నీ ఒకే విధంగా తెరిచారని రూఢి చేసుకోవాలి.

4. అర శాతం ఎంత?

మూడవ పత్రంలోని 0.5 శాతం వినడానికి చాలా చిన్నది. 40 సంవత్సరాలకు చక్రవడ్డీ లెక్కన చూస్తే అది 22 శాతమవుతుంది. విశ్వాస అంతరపు కింది అంచు 0.2 తీసుకుంటే 8 శాతం, పై అంచు 0.9 తీసుకుంటే 43 శాతం. నాలుగు దశాబ్దాలలో రోగం పదోవంతు కన్నా తక్కువ పెరిగిందన్నదీ, దాదాపు సగం పెరిగిందన్నదీ ఒకే అంతరంలో ఇమిడి ఉన్నాయి. ‘గణనీయం’ అన్న పదం శూన్యాన్ని మాత్రమే తోసిపుచ్చింది. పెరుగుదల పరిమాణాన్ని అది నిర్ధారించలేదు. ఏడాదికి సుమారు 120 కేసులుండే శ్రేణిలో యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గులే 9 శాతం దాకా ఉంటాయి. అందులో అర శాతం వాలును పట్టుకోవాలంటే నాలుగు దశాబ్దాల గీత కావాలి. ఆ నాలుగు దశాబ్దాలలో రోగం తప్ప మిగిలినవేవీ మారకూడదు. అవి మారాయి.

మారినవాటిలో మొదటిది ‘శ్వేతజాతీయులు’ అన్న వర్గం. 2011 పత్రం ప్రకారం రోగులలో 97.8 శాతం ఈ వర్గంవారే. అమెరికా గణాంకాలలో హిస్పానిక్ మూలం అనేది జాతికి వేరుగా అడిగే ప్రశ్న. కాబట్టి ప్రత్యేకించి విడదీయనిచోట హిస్పానిక్ ప్రజలలో అత్యధికులు శ్వేతజాతీయులలోనే లెక్కకు వస్తారు. హు, సహరచయితలు 2005లో ప్రచురించిన అధ్యయనం హిస్పానికేతర శ్వేతజాతీయులలో పదిలక్షలకు 6.02, హిస్పానిక్ ప్రజలలో 1.67, ఆసియా–పసిఫిక్ మూలాలవారిలో 0.38, నల్లజాతీయులలో 0.31 రేట్లను చూపింది. 2010 జనగణన నాటికి అమెరికా జనాభాలో హిస్పానిక్ ప్రజలు 16.3 శాతం. 1970ల ఆరంభంలో వారి వాటా ఇందులో మూడోవంతుకు మించదు.

ఈ విషయాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. శ్వేత వర్గంలో హిస్పానిక్ వాటా 5 శాతం ఉన్నప్పుడు పై రేట్ల ప్రకారం మొత్తం వర్గపు రేటు 5.80. ఆ వాటా 20 శాతమైతే, ఏ ఒక్క ఉపవర్గంలోనూ రోగం తగ్గకపోయినా, మొత్తం రేటు 5.15కి దిగుతుంది. అంటే వర్గం కూర్పు మారినందువల్లనే 11 శాతం తగ్గుదల కనిపించాలి. 1973–2013 మధ్య శ్వేతవర్గపు రేటు తగ్గకపోగా పెరిగిందంటే, హిస్పానికేతర శ్వేతజాతీయులలో పెరుగుదల 0.5 శాతం కన్నా ఎక్కువే ఉండవచ్చు. మొదటి రెండు పత్రాలు చెప్పిన స్థిరత్వానికీ ఇదే వర్తిస్తుంది. ఒక ఉపవర్గంలో పెరుగుదలా, మొత్తం వర్గంలో కూర్పు మార్పూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే గీత అడ్డంగా పోతుంది. సీర్ హిస్పానిక్ మూలాన్ని విడిగా గుర్తించే సౌకర్యం తొలి దశాబ్దాల అనంతరమే కల్పించినందున నాలుగు దశాబ్దాల శ్రేణికి ఈ విభజన సాధ్యం కాకపోవచ్చు. ఆ పరిమితిని నిర్ణయవాక్యంలోనే చెప్పవలసింది.

5. చికిత్స మారితే లెక్క మారుతుంది

మూడు పత్రాలలోనూ అత్యంత విలువైన అంశం, విమర్శకు అత్యంత అవకాశమిచ్చే అంశం ఒకటే. అది చికిత్సకు సంబంధించిన పట్టిక. 2011 పత్రం ప్రకారం 1973–75లో శస్త్రచికిత్స మాత్రమే పొందినవారు 93.8 శాతం. 2006–08 నాటికి వారు 28.3 శాతం. రేడియేషన్ పొందినవారు 1.8 శాతం నుండి 62.5 శాతానికి పెరిగారు. పాత కాలంలో శస్త్రచికిత్స అంటే చాలావరకు కనుగుడ్డును తొలగించడమే.

ఈ మార్పు వెనుక ఒక పెద్ద వివాదం ఉంది. కనుగుడ్డును తొలగించే సమయంలోనే క్యాన్సర్ కణాలు రక్తంలోకి చెదిరిపోతాయేమోనన్న సందేహాన్ని జిమ్మర్‌మన్, మెక్లీన్, ఫాస్టర్ 1978లో లేవనెత్తారు. దానికి జవాబు వెతకడానికి 1980ల మధ్యలో కొలాబరేటివ్ ఆక్యులర్ మెలనోమా స్టడీ మొదలైంది. మధ్యస్థ పరిమాణపు కణితులున్న 1,317 మందిని యాదృచ్ఛికంగా రెండు సమూహాలుగా విభజించి, ఒక సమూహానికి కనుగుడ్డు తొలగించారు. మరొక సమూహానికి అయోడిన్–125 పలకను కంటికి కుట్టి రేడియేషన్ ఇచ్చారు. 2001లో వెలువడిన ఫలితాలలో అయిదేళ్ల మనుగడ రెండు సమూహాలలోనూ దాదాపు సమానంగా, 81, 82 శాతాలుగా తేలింది. కంటిని కాపాడే చికిత్సకు ఇది బలమైన ఆధారమయింది.

లెక్కింపు దృష్టితో చూస్తే దీని పర్యవసానం వేరే ఉంది. కనుగుడ్డు తీసినప్పుడు అది పాథాలజిస్టు బల్ల మీదికి వెళుతుంది. అక్కడ సూక్ష్మదర్శినిలో రోగం రూఢి కావడమో, కాదని తేలడమో జరుగుతుంది. ఫెర్రీ 1964లో ప్రచురించిన పరిశీలన ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. మెలనోమా ఉందన్న వైద్యనిర్ధారణతో తొలగించిన 529 కళ్లలో 100 కళ్లలో, అంటే 19 శాతంలో, మెలనోమా లేనేలేదు. ఆ రోగులకు అది తీరని నష్టం. రిజిస్ట్రీకి మాత్రం అది ఒక జల్లెడ. పొరపాటు నిర్ధారణలు నమోదులోకి చేరకముందే రాలిపోయేవి. రేడియేషన్ చికిత్సలో కంటిని తెరవనక్కరలేదు. కణజాలం అనివార్యంగా దొరకదు. అల్ట్రాసౌండ్, కంటి ఛాయాచిత్రాలు, నిపుణుని కన్ను, ఇవే ఆధారాలు. జల్లెడ పోయింది.

నిపుణుని కన్ను ఈ మధ్యకాలంలో బాగా పదునెక్కిందన్నది నిజం. పైన చెప్పిన సమష్టి అధ్యయనంలో తొలగించి పరీక్షించిన 413 కళ్లలో పొరపాటు నిర్ధారణలు రెండే అని 1990లో ప్రకటించారు. ఈ అంకెను చూసి కణజాల పరీక్ష అవసరమే లేదనుకున్నవారూ ఉన్నారు. కాని ఆ 413 కళ్లూ మధ్యస్థ, పెద్ద కణితులున్నవి. నిర్ధారణకు కఠినమైన నియమాలు పాటించిన కేంద్రాలలో పరీక్షించినవి. చిన్న కణితుల కథ వేరు. అదే అధ్యయనంలో మొదట చికిత్స లేకుండా గమనించిన చిన్న కణితుల రోగులలో రెండేళ్లకు 21 శాతం మందిలో, అయిదేళ్లకు 31 శాతం మందిలో మాత్రమే కణితి పెరిగింది. మిగిలినవాటిలో ఎన్ని నిజమైన మెలనోమాలో, ఎన్ని నిరపాయకరమైన మచ్చలో కంటిలోకి చూసి చెప్పడం సులభం కాదు. అనుమానం ఉన్నప్పుడు వేచి చూసే పద్ధతి నుండి, అనుమానం ఉన్నప్పుడే చికిత్స చేసే పద్ధతి వైపు వైద్యం జరిగేకొద్దీ ఇటువంటివి ‘మచ్చ’ పేరు వదిలి ‘మెలనోమా’ పేరుతో నమోదవుతాయి. కంటి కణితులలో సీర్ క్యాన్సర్ కణితులను మాత్రమే లెక్కిస్తుంది కాబట్టి పేరు మార్పే సంఖ్య మార్పు.

చర్మపు మెలనోమాలో ఈ చర్చ ఇప్పటికే సాగింది. వెల్చ్, సహరచయితలు 2005లో చూపిన ప్రకారం 1986–2001 మధ్య సీర్ ప్రాంతాలలో 65 ఏళ్లు పైబడినవారికి చేసిన చర్మ బయాప్సీలు 2.5 రెట్లు పెరిగాయి. నమోదైన మెలనోమాలు 2.4 రెట్లు పెరిగాయి. మరణాలు మాత్రం అంతగా కదలలేదు. వెతికేకొద్దీ దొరికిన రోగమని దానిని వ్యాఖ్యానించారు.

కంటి మెలనోమాకు ఈ వ్యాఖ్యానం వర్తించదనేవారి వాదం మనుగడ రేటు మీద ఆధారపడుతుంది. అయిదేళ్ల సాపేక్ష మనుగడ 2011 పత్రంలో 81.6 శాతం, 2018 పత్రంలో 80.9 శాతం. కాలంతో పాటు మారలేదు. నిరపాయకరమైన మచ్చలు లెక్కలోకి చొరబడితే మనుగడ పెరగాలి కదా అన్నది ప్రశ్న. ఇది మంచి వాదమే, కాని దాని శక్తి పరిమితమైనది. 81 శాతం మనుగడ ఉన్న నూరుమంది రోగులలో పదిమంది అసలు రోగం లేనివారని అనుకుందాం. మనుగడ 83 శాతానికి చేరుతుంది. ఇంత చిన్న తేడాను ఈ శ్రేణి నమ్మకంగా పట్టుకోలేదు. నలభై ఏళ్లలో 22 శాతం పెరుగుదలలో దాదాపు సగాన్ని ఈ పదిమందే సమకూర్చగలరు. మనుగడ మారలేదన్న వాక్యం చికిత్సలు ప్రాణాలను పెద్దగా కాపాడలేకపోయాయని నిరూపించడానికి సరిపోతుందేమో కాని, నిర్ధారణ ప్రమాణం మారలేదని నిరూపించడానికి చాలదు.

6. స్వీడన్ ఎదురుసాక్ష్యం

అమెరికా పత్రాలు స్థిరమనీ, స్వల్ప పెరుగుదల అనీ అంటున్న కాలంలోనే స్వీడన్ నుండి తగ్గుదల వార్త వచ్చింది. 1960–1998 మధ్య 2,997 కేసులను పరిశీలించిన బెర్గ్‌మన్, సహరచయితల పత్రం (2002) పురుషులలో రేటు పదిలక్షలకు 11.7 నుండి 8.4కు తగ్గిందని చూపింది. ఐరోపా మొత్తంలో కూడా ఈ రోగం ఒకే తీరుగా లేదు. ఐరోపా రిజిస్ట్రీల సమాచారంతో విర్జిలీ, సహరచయితలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో స్పెయిన్, దక్షిణ ఇటలీలలో పదిలక్షలకు 2 వరకు ఉన్న రేటు నార్వే, డెన్మార్క్‌లలో 8 దాటింది. చర్మపు మెలనోమా ఐరోపాలో అనేక రెట్లు పెరిగిన దశాబ్దాలలోనే స్వీడిష్ పురుషులలో కంటి మెలనోమా తగ్గిందంటే, ఈ రెండూ పేరులోనే సోదరులనీ, కారణాలలో కావనీ భావించవలసి వస్తుంది. ఎండకు ఒళ్లు కాల్చుకోవడం వంటి కారణాలు చర్మానికి వర్తించినంతగా కంటి లోపలిపొరకు వర్తించవు.

స్వీడన్‌లో క్యాన్సర్ కేసును వైద్యుడూ, పాథాలజిస్టూ వేర్వేరుగా రిజిస్ట్రీకి తెలియజేయాలి. రెండు దారులున్న వ్యవస్థ కాబట్టి కేసులు తప్పిపోవడం తక్కువని దానికి మంచి పేరుంది. కన్ను తీయని రోగంలో పాథాలజిస్టు దారి మూసుకుపోతుంది. వైద్యుడు మరిచిపోతే గుర్తుచేసేవారు ఉండరు. చికిత్సలో వచ్చిన ఒకే మార్పు అమెరికాలో పొరపాటు నిర్ధారణలను లోపలికి రానిచ్చి సంఖ్యను పెంచవచ్చు. స్వీడన్‌లో నిజమైన కేసులను జారవిడిచి సంఖ్యను తగ్గించవచ్చు. అమెరికాలోనూ రెండవ ప్రమాదం లేకపోలేదు. కంటి క్యాన్సర్‌కు పేరుపొందిన ఫిలడెల్ఫియా నగరమున్న పెన్సిల్వేనియా ఆ తొమ్మిది సీర్ ప్రాంతాలలో లేదు. కనెక్టికట్ నివాసి అక్కడికి వెళ్లి ఆసుపత్రిలో చేరకుండానే చికిత్స పొందితే, ఆ సమాచారం అతని సొంత రాష్ట్రపు రిజిస్ట్రీకి తిరిగి రావడం రాష్ట్రాల మధ్య వినిమయం మీద ఆధారపడుతుంది. ఈ రెండు ఎదురుబొదురు లోపాలలో ఏది ఎంతన్నది విడదీయాలంటే ప్రతి కేసు పక్కనా నిర్ధారణ ఆధారాన్ని చూపి, కణజాల పరీక్షతో రూఢి అయినవాటికీ, కానివాటికీ వేర్వేరు గీతలు గీయాలి. ఆ గడి సీర్ నమోదులోనే ఉంది. ధోరణిని ఆ గడి ప్రకారం విడదీసి నిర్ణయవాక్యంలో నిలపకపోవడం ఈ పరంపరలోని ప్రధానలోపం.

7. హైదరాబాద్ నుండి చూస్తే

భారతదేశంలో ఈ రోగంపై వచ్చిన రచనలు ప్రధానంగా నేత్రవైద్యశాలల రోగుల శ్రేణులు. చెన్నై, హైదరాబాద్ వంటి నగరాలలోని పెద్ద కంటి ఆసుపత్రులకు అనేక రాష్ట్రాల నుండి రోగులు వస్తారు. అటువంటి శ్రేణి భారతీయ రోగులు పాశ్చాత్యుల కన్నా చిన్నవయసులో వస్తున్నారని చెప్పగలదు. ఎంత జనాభాలో ఎందరన్నది చెప్పలేదు. దానికి జనాభా ఆధారిత రిజిస్ట్రీ కావాలి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమంలో హైదరాబాద్ జిల్లా సమాచారం 2014 నుండి ప్రచురణకు వచ్చింది. ఆ కార్యక్రమపు నివేదికల ప్రధాన పట్టికలలో కంటికి కేటాయించినది సి69 అనే ఒక్క వరుస. పసిపిల్లలలో వచ్చే రెటినోబ్లాస్టోమా, పెద్దవారిలో వచ్చే మెలనోమా, కంటి పైపొర క్యాన్సర్లు అన్నీ అందులోనే. ఆ వరుసలోని అంకె పెరిగినా తగ్గినా ఏ రోగం కదిలిందో తెలియదు.

విడదీసి ప్రచురించినా ఎన్ని కేసులు కనిపించవచ్చు? అమెరికాలోని ఆసియా–పసిఫిక్ మూలాలవారి రేటు 0.38ని తాత్కాలికంగా అరువు తెచ్చుకుంటే, 2011 జనగణన ప్రకారం 39 లక్షల 43 వేల జనాభా ఉన్న హైదరాబాద్ జిల్లాలో ఏడాదికి ఒకటి లేదా రెండు. ఇక్కడి జనాభాలో వృద్ధుల వాటా తక్కువ కాబట్టి అంతకన్నా తగ్గవచ్చు. ఇరవయ్యేళ్లకు ముప్పై. ముప్పైలో యాదృచ్ఛిక దోషమే 18 శాతం. ఒక్క జిల్లాతో ధోరణి తేలదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎన్ని రిజిస్ట్రీలు ఏర్పడితే అన్నీ ఒకే నిర్వచనంతో ఈ కేసులను విడిగా ఉంచి, దశాబ్దాల తరువాత కలిపి చూడగలిగితేనే ఒక రేటు అనదగినది వస్తుంది.

అక్కడ మరొక చిక్కు పొంచి ఉంది. రిజిస్ట్రీ నాణ్యతను కొలిచే సూచికలలో కణజాల పరీక్షతో రూఢి అయిన కేసుల శాతం ఒకటి. శాతం ఎక్కువైతే సమాచారం నమ్మదగినదని లెక్క. రొమ్ము క్యాన్సర్‌కూ, గర్భాశయముఖ క్యాన్సర్‌కూ ఇది సరైన కొలమానమే. యూవియల్ మెలనోమాకు వచ్చేసరికి, కళ్లను ఎక్కువగా కాపాడిన ప్రాంతపు రిజిస్ట్రీ ఈ సూచికలో వెనుకబడుతుంది; కళ్లను ఎక్కువగా తొలగించిన ప్రాంతపు రిజిస్ట్రీ ముందుంటుంది. కణజాలం లేదన్న కారణంతో కేసును పక్కనపెట్టే గుమాస్తా సూచికను మెరుగుపరుస్తాడు, ఆ జిల్లాకున్న ఏడాది కేసులో సగాన్ని పోగొడతాడు.